దెయ్యం ఎటు నుంచి వస్తోంది? హిందీ హారర్ సినిమాల్లో శబ్దం పనితీరు

1949లో 'మహల్' సినిమాకి 'ఆయేగా ఆనేవాలా' పాట రికార్డు చేస్తున్నప్పుడు సంగీత దర్శకుడు ఖేమ్‌చంద్ ప్రకాశ్‌కి ఒక చిక్కు ఎదురైంది. పాట మొదట్లో గొంతు ఎక్కడో దూరం నుంచి వినబడాలి, పోనుపోను దగ్గరవ్వాలి. ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని చేసేసే పని అది. అప్పట్లో అలాంటి సదుపాయం లేదు. అందుకని మైకుని గది మధ్యలో పెట్టి, ఇరవయ్యేళ్లు నిండీ నిండని లతా మంగేష్కర్‌ని ఒక మూలకి పంపారు. ఆవిడ 'ఖామోష్ హై జమానా' అని అక్కడ అందుకుని, పాడుతూనే ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ మైకు దాకా వచ్చారు. పల్లవి ఎత్తుకునే వేళకి మైకు ముందున్నారు. ఈ సంగతి తర్వాతి రోజుల్లో లతాగారే ఇంటర్వ్యూల్లో చెప్పారు.

తెర మీద ఆ పాట చేసే పని చూడండి. పాత భవనంలోకి కొత్తగా వచ్చిన మనిషికి ఆ గొంతు వినిపిస్తుంది. ఎవరిదో తెలియదు. వెతుక్కుంటూ వెళితే మనిషి కనబడి మాయమవుతుంది. అది దెయ్యమా, ప్రాణమున్న స్త్రీయా అన్నది చివరిదాకా తేలదు. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పటి గ్రామఫోన్ రికార్డు మీద గాయని పేరు కూడా లేదు. సినిమాలో మధుబాల పాత్ర పేరు 'కామిని' అని వేశారు. పాడింది ఎవరని జనం రేడియోవాళ్లని అడగాల్సి వచ్చింది. తెర మీదా, తెర బయటా ఆ గొంతు మనిషి నుంచి విడివడే తిరిగింది.

హిందీ హారర్ సినిమాల శబ్దం గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే. మనకి భయం పుట్టేది ఎక్కువగా ఒక ప్రశ్న దగ్గర: ఈ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరు చేస్తున్నారు? జవాబు ఎంత ఆలస్యమైతే భయం అంత పెరుగుతుంది. ఒక్కో తరం దర్శకులు, సౌండ్ ఇంజనీర్లు తమ చేతిలో ఉన్న పరికరాలతో ఆ జవాబుని దాచిపెట్టడానికి ప్రయత్నించారు. ఎక్కడ గెలిచారు, ఎక్కడ తొందరపడి చెప్పేశారు అని చూస్తే డెబ్బై అయిదేళ్ల చరిత్ర అర్థమవుతుంది.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. దెయ్యం సినిమా బాగుంటే మనం బయటికొస్తూ 'ఆర్ఆర్ అదిరింది' అంటాం. ఆర్ఆర్ అంటే మన వాడుకలో నేపథ్య సంగీతం. కానీ మనల్ని భయపెట్టినదాంట్లో సంగీతం వాటా కొంతే. రాత్రిపూట ఒక స్త్రీ చీకటి వరండాలో నడుస్తోందనుకోండి. ఆమె పట్టీల చప్పుడు, చీర కుచ్చిళ్లు నేలకి రాసుకునే చప్పుడు చాలాసార్లు షూటింగ్‌లో రికార్డయినవి కావు. ఫోలీ కళాకారులు స్టూడియోలో తెర చూస్తూ, అడుగుకి అడుగు కలిపి మళ్లీ పుట్టించినవి. బయట కీచురాళ్లు, దూరంగా కుక్క అరుపు, ఆ వరండాకే ప్రత్యేకమైన ఒక హోరు, ఇవన్నీ ఆంబియెన్స్. తలుపు దడాల్న మూసుకుంటే అది ఎఫెక్ట్. ఆమె ఊపిరి నటి గొంతులోంచి వచ్చింది, బహుశా డబ్బింగ్ గదిలో. వీటి మీద సంగీతం. చివరికి వీటన్నిటినీ ఏది ఎంత వినబడాలి, ఏ స్పీకర్‌లోంచి రావాలి అని తూకం వేసేది మిక్సింగ్. వీటిలో ఏది ఎప్పుడు ఉండాలి, ముఖ్యంగా ఏది ఎప్పుడు ఉండకూడదు అని మొత్తం సినిమాకి ఆలోచన చేసే మనిషి సౌండ్ డిజైనర్.

చెవి మీదే ఇంత శ్రద్ధ ఎందుకంటే, కన్ను ముందువైపే చూస్తుంది, చెవికి వీపు వెనక కూడా వినబడుతుంది. పైగా చెవి ఆలోచనకోసం ఆగదు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే సెకనులో ఇరవయ్యో వంతు గడవకముందే కనురెప్ప కొట్టుకుంటుంది. అది నేర్చుకున్న స్పందన కాదు, పుట్టుకతో వచ్చింది. అరుపుల విషయంలోనూ అంతే. 2015లో లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ బృందం మనిషి కేకల మీద ఒక పరిశోధన ప్రచురించింది. మామూలు మాటలో లేని గరుకుదనం కేకలో ఉంటుంది, అంటే శబ్దం స్థాయి సెకనుకి 30 నుంచి 150 సార్ల దాకా హెచ్చుతగ్గులవుతుంది, మెదడులో భయానికి సంబంధించిన భాగాన్ని తట్టేది ఆ గరుకుదనమే అని తేల్చారు. అంతకుముందు 2010లో డేనియల్ బ్లమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త సినిమా సౌండ్‌ట్రాక్‌లు పరిశీలించి, హారర్ దృశ్యాల్లో ఇలాంటి చీలిన, పగిలిన శబ్దాలు ఎక్కువగా వాడతారని చూపించారు. ఆయన మొదట చదివింది ప్రమాదం చూసి అరిచే మార్మట్ అనే జంతువుల అరుపులని. వయొలిన్ తీగ మీద కమాను గట్టిగా నొక్కి గీసినప్పుడు మనకి ఒళ్లు జలదరించడానికి మూలం అక్కడుంది.

శబ్దం దిక్కు తెలియడం మరింత ఆసక్తికరమైన విషయం. చప్పుడు ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త వెనక చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. దాంతోనే కుడో ఎడమో చెప్పేస్తాం. కానీ తల కదపకుండా ఉంటే ముందు నుంచా, వెనక నుంచా అన్నది చెప్పడం కష్టం. బాగా లోతైన, బరువైన శబ్దాలకైతే దిక్కే తెలియదు, గదంతా మోగుతున్నట్టుంటుంది. హారర్ సినిమాల్లో ఏమీ జరగకముందే వినబడే ఆ గూఁ...మనే మంద్ర ధ్వని పని చేసేది ఇందుకే. ఎటు చూడాలో చెప్పకుండా ఏదో ఉందని మాత్రం చెబుతుంది. మనిషికి వినబడని, 20 హెర్ట్జ్ (అంటే సెకనుకి 20 కంపనలు) కన్నా తక్కువ ధ్వనులతో ప్రేక్షకులని రహస్యంగా భయపెడతారని ఒక ప్రచారం బాగా నడుస్తుంటుంది. కానీ మామూలు థియేటర్లో మంద్ర ధ్వనులు పలికించే సబ్‌వూఫర్ స్పీకర్లు అంత కిందికి సరిగ్గా దిగలేవు. మన కుర్చీని వణికించేవి సాధారణంగా వినబడే హద్దులోనే ఉండే ధ్వనులు.

ఇప్పుడు మళ్లీ చరిత్రలోకి వద్దాం. 'మహల్' తర్వాత పదిహేనేళ్ల పాటు హిందీ సినిమాలో దెయ్యం అంటే పాటే. 1962లో హేమంత్ కుమార్ స్వయంగా నిర్మించి, సంగీతం కూడా చేసిన 'బీస్ సాల్ బాద్'లో 'కహీఁ దీప్ జలే కహీఁ దిల్' పాట, 1964లో మదన్‌మోహన్ చేసిన 'వో కౌన్ థీ'లో 'నైనా బర్సే' పాట అలాంటివే. మొదటిదానికి లతాగారికి ఫిల్మ్‌ఫేర్ అవార్డు కూడా వచ్చింది. వాన, పొగమంచు, తెల్ల చీర, ఎవరిదో తెలియని పాట. ఫ్రెంచ్ సిద్ధాంతకర్త మిషెల్ షియోన్ ఒంటి నుంచి విడిపోయిన గొంతుకి సినిమాలో ఎంత శక్తి ఉంటుందో తర్వాత ఎప్పుడో వివరంగా రాశారు. మన ప్రేక్షకులకి అది కొత్త కాదు. ఒకరి పెదవులు కదిలితే ఇంకొకరి గొంతు రావడం ప్లేబ్యాక్ వల్ల మనకి ఎన్నడో అలవాటైంది. ఆ అలవాటు మీద భయాన్ని నిలబెట్టడం ఆనాటి సంగీత దర్శకుల ప్రతిభ. నా లెక్కలో హిందీ హారర్‌లో ఇది అన్నిటికన్నా సొంతమైన పద్ధతి. బయటివాళ్ల నుంచి తెచ్చుకున్నది కాదు.

రామ్సే సోదరుల సినిమాలతో రుచి మారింది. తండ్రి ఫతేచంద్ రామ్సే సినిమాల్లోకి రాకముందు రేడియోల వ్యాపారం చేసిన మనిషి. ఏడుగురు కొడుకులు పనులు పంచుకున్నారు. తులసి, శ్యామ్ దర్శకత్వం చూస్తే, గంగు కెమెరా పట్టారు, కిరణ్ శబ్దం చూసుకున్నారు. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే', 1984లో 'పురానా మందిర్', 1988లో 'వీరానా' వచ్చాయి. తక్కువ ఖర్చు, తక్కువ రోజుల షూటింగ్. తలుపు కిర్రుమనడం, ఈదురుగాలి, ఊళలు, చెవులు చిల్లులు పడే కేక, ఆ పైన సింథసైజర్. వీటిని మోటు అని కొట్టిపారేయడం ఒక అలవాటైపోయింది. అది అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఎందుకో చెబుతాను. అప్పటి ఫిల్ము మీద శబ్దం ఒక సన్నని గీతగా ముద్రించి ఉండేది. ప్రొజెక్టర్‌లోని దీపం ఆ గీత మీద పడి శబ్దంగా మారేది. ఒకే ట్రాక్, తెర వెనక ఒకే చోటు నుంచి. 8 వేల హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి శబ్దం దాదాపు పడిపోయేది. అంటే గుసగుసలోని సకారాలు, గాజు మీద గోటి గీత, సన్నని ఊపిరి, ఇవి ప్రేక్షకుడి దాకా సరిగ్గా చేరేవి కావు. ప్రింటు పాతబడేకొద్దీ గరగర పెరిగేది. దాని మీద హాల్లో ఫ్యాన్లు, జనం. రామ్సేల సినిమాలు బాగా ఆడింది పెద్ద నగరాల ఖరీదైన హాళ్లలో కాదు, చిన్న పట్టణాల్లో. అక్కడ సున్నితమైన శబ్దం పెడితే అది వినబడనే వినబడదు. అందుకని మధ్యస్థాయిలో, గట్టిగా, వెంటనే గుర్తుపట్టగలిగేలా పెట్టారు. కెమెరా హోరు వల్ల సెట్‌లో రికార్డయిన శబ్దం ఎటూ పనికిరాదు, కాబట్టి ప్రతి అడుగునీ, ప్రతి తలుపునీ తర్వాత కూర్చుని తయారు చేసుకోవాల్సిందే. అయితే ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. ఆ శబ్దాల్లో రహస్యం తక్కువ. కేక రాగానే రాక్షసుడు కనబడిపోతాడు.

ఇక్కడ నిశ్శబ్దం గురించి ఒక మాట. హారర్‌లో నిశ్శబ్దం గొప్పదని అందరూ అంటారు. కానీ పాత ఫిల్ము మీద నిశ్శబ్దం సాధ్యమే కాదు. శబ్దం లేని చోట గరగర వినబడేది. అందుకే అప్పటివాళ్లు ఖాళీని గాలితోనో సంగీతంతోనో నింపేశారు. 1990ల్లో డీటీఎస్, డాల్బీ డిజిటల్ అనే డిజిటల్ శబ్ద పద్ధతులు వచ్చాక మొదటిసారి అతి చిన్న చప్పుడుకీ అతి పెద్ద చప్పుడుకీ మధ్య పెద్ద ఎడం దొరికింది. వెనక, పక్కన స్పీకర్లు వచ్చాయి. సున్నాలాంటి నిశ్శబ్దాన్ని ఇప్పటికీ అరుదుగానే వాడతారు. మామూలు గది హోరుని ఒకటి పెట్టి, దాన్ని కొన్ని సెకన్ల పాటు తెలియకుండా తగ్గిస్తూ పోతారు. చెవి ఇంకొంచెం విందామని చాచుకుంటుంది. అప్పుడు దెబ్బ కొడతారు. మనం ఎగిరిపడేది దెబ్బ గట్టిదనం వల్ల ఎంతో, ముందు జరిగిన ఆ తగ్గింపు వల్ల అంత.

ఈ మార్పు రాబోతున్న రోజుల్లోనే రాంగోపాల్ వర్మ 1992లో ఒక సినిమా తీశారు. తెలుగులో 'రాత్రి', హిందీలో 'రాత్'. తర్వాత మెలొడీ బ్రహ్మ అనిపించుకున్న మణిశర్మ ఈ సినిమా నేపథ్య సంగీతంతోనే మొదలుపెట్టారు. ఎవరూ లేని వీధుల్లో రేవతి ఒంటరిగా నడిచే తొలి కల దృశ్యంలో కెమెరా ఆమెని వెంటాడుతుంది. వెంటాడేది ఎవరో చూపించరు. కెమెరా కదలికకి ఒక ఉనికిని ఇచ్చేది శబ్దం. పట్టపగలు, మామూలు ఊరు, అయినా టెన్షన్. పాడుబడ్డ కోట అక్కర్లేదని మన ప్రేక్షకులకి గట్టిగా చెప్పిన సినిమా అది.

1999లో వర్మదే 'కౌన్'. పాటలు లేవు. ఒక ఇల్లు, వాన, ఒంటరిగా ఒక స్త్రీ. సినిమాలో ముఖ్య శబ్దం కాలింగ్ బెల్. రోజూ వినే చప్పుడే, కానీ తలుపు అవతల ఎవరున్నారో తెలియనంతసేపూ అది భయమే. 2003లో ఆయన 'భూత్' దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లింది. ముంబయిలో ఎత్తైన అపార్ట్‌మెంట్, అందులో అద్దెకి దిగిన జంట. ఈ సినిమాలోనూ పాటల్లేవు. ద్వారక్ వారియర్ సౌండ్ డిజైన్, సలీం-సులేమాన్ నేపథ్య సంగీతం. లిఫ్టు, మెట్లు, తలుపులు, ఫ్లాట్‌లో రాత్రి పూట ఉండే ఆ ఖాళీ హోరు. థియేటర్లో ఏ మూలైనా శబ్దం పెట్టగల సౌకర్యం వచ్చిన కొత్తలో దాన్ని ఇంత పూర్తిగా భయం కోసం వాడిన హిందీ సినిమా నాకు ఇంకొకటి కనబడదు. దెయ్యం సినిమా చూసి ఇంటికెళ్లినవాళ్లకి హవేలీ ఎదురుపడదు. లిఫ్టు రోజూ ఎదురుపడుతుంది. అయితే ఇందులో సంగీతపు దెబ్బలు కొన్నిచోట్ల మరీ ఎక్కువయ్యాయి. ఏమీ లేని చోట కూడా మోగి, తర్వాత నిజంగా ఏదైనా జరిగినప్పుడు బలం తగ్గించాయి.

తర్వాత మన 'మనం' దర్శకుడు విక్రమ్ కుమార్ తమిళ, హిందీ భాషల్లో తీసిన '13బి' (2009) ఇదే బాటలో నడిచి టీవీని పట్టుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చే కుటుంబ సీరియల్‌లో తమ ఇంట్లో జరిగేవే జరుగుతుంటాయి. ఆడవాళ్లు వంటింట్లో పని చేసుకుంటూ చెవి అటు వేసి వినే సీరియల్ చప్పుడు అది. దాన్ని భయంగా మార్చడం తెలివైన ఆలోచన.

'తుంబాడ్' (2018) దగ్గర ఆగాలి. ఇందులో దాదాపు సినిమా అంతా వాన. శబ్దం చేసేవాళ్లకి వాన పెద్ద తలనొప్పి. అది అన్ని స్థాయిల్లోనూ ఒకేసారి పరుచుకుని మాటలని, అడుగులని మింగేస్తుంది. కునాల్ శర్మ సౌండ్ డిజైన్ ఆ వానని ఒకే ముద్దగా వదలలేదు. పెంకుల మీద పడే వాన వేరు, రాతి గోడల లోపల నుంచి వినబడే వాన వేరు. అసలు దెబ్బ ఎక్కడంటే, కథానాయకుడు బావిలోంచి భూగర్భంలోకి, కథలోని దేవత గర్భంలోకి దిగినప్పుడు వాన ఆగిపోతుంది. అంతసేపూ చుట్టూ ఉన్నది పోయేసరికి ప్రేక్షకుడికి నిలువనీడ పోయినట్టవుతుంది. ఆ మెత్తని, తడి చప్పుళ్ల మధ్య ఆ దేవత కొడుకైన రాక్షసుడు హస్తర్ ఎటు నుంచి వస్తాడో తెలియదు. వీడియో గేముల సంగీతంతో పేరు తెచ్చుకున్న డెన్మార్క్ సంగీతకారుడు జెస్పర్ కిడ్ నేపథ్య సంగీతం కూడా శబ్దాలకి చోటు వదిలి నడుస్తుంది. ఆ ఏడాది సినిమాలకి ఫిల్మ్‌ఫేర్ సౌండ్ డిజైన్ అవార్డు కునాల్ శర్మకే వచ్చింది.

అదే ఏడాది వచ్చిన 'స్త్రీ' మనకి బాగా తెలిసిన భయాన్నే పట్టుకుంది. తొంభైల్లో తెలుగు ఊళ్లలో ఇళ్ల గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. హిందీ సినిమాలో చందేరీ ఊళ్లో 'ఓ స్త్రీ కల్ ఆనా' అని రాస్తారు. దెయ్యం వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తుంది, తిరిగి చూసినవాడు గల్లంతు. రాత్రిపూట పిలిచిన వెంటనే పలకొద్దని మన పెద్దవాళ్లు చెప్పేవారు కదా, ఆ నమ్మకమంతా శబ్దం దిక్కుకి సంబంధించిందే. తెలిసిన గొంతు తెలియని చోటు నుంచి రావడం. థియేటర్లో వెనక స్పీకర్లకి ఇంతకన్నా తగిన కథ ఉండదు. కానీ హాస్యం కలిసిన ఈ తరహా సినిమాల్లో నేపథ్య సంగీతం ఇప్పుడు నవ్వాలి, ఇప్పుడు భయపడాలి అని ముందే చెప్పేస్తూ ఉంటుంది. ఈ జబ్బు ఇటీవలి హిందీ హారర్‌లో చాలా వరకు ఉంది. దెయ్యం రాకముందే సంగీతం వచ్చేస్తే, చప్పుడు ఎవరిదన్న ప్రశ్న పుట్టేలోపే జవాబు వచ్చేసినట్టు. డాల్బీ ఆట్మాస్ అనే ఇప్పటి శబ్ద పద్ధతిలో 128 ట్రాకుల దాకా పెట్టుకోవచ్చు, తల మీంచి కూడా శబ్దం రప్పించవచ్చు. వాటిల్లో ఎక్కువ భాగాన్ని తీగవాద్యాలకి అప్పగించేయడం చూస్తే బాధ కలుగుతుంది.

ఊపిరి విషయం ఒకటి మిగిలింది. 2001లో 'లగాన్' తర్వాత హిందీలో సెట్ మీదే మాటలు రికార్డు చేసే సింక్ సౌండ్ పుంజుకుంది. హారర్‌కి దీనివల్ల కలిగిన మేలు పెద్దది. భయపడుతున్న నటి గొంతులో వణుకు, మింగుడు, మాటకి ముందు తడబడే ఊపిరి, ఇవి నెలల తర్వాత ఏసీ డబ్బింగ్ గదిలో నిలబడి మళ్లీ తెప్పించుకోవడం చాలా కష్టం. చప్పుడు ఎవరిదో తెలియకూడదు సరే, దాన్ని వింటున్న మనిషి భయం మాత్రం నిజంగా వినబడాలి.

ఇక ఇవన్నీ మన దాకా ఎంత చేరుతున్నాయి? థియేటర్ సౌండ్‌కి ఒక కొలత ఉంది. తెర వెనక ఒక్కో స్పీకర్‌నీ 85 డెసిబెల్స్ దగ్గర సరిచేసి, అదే కొలతతో సరిచేసిన గదిలో సినిమా మిక్స్ చేస్తారు. కానీ గట్టిగా ఉందని ఎవరో ఒకరు అనగానే చాలా హాళ్లలో స్థాయి తగ్గించేస్తారు. అప్పుడు పోయేది కేకలు కాదు, వాటి ముందున్న సన్నని చప్పుళ్లు. ఓటీటీ దగ్గర లెక్క మరోలా ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ అయితే మాటల సగటు స్థాయి ఇంత ఉండాలని నియమం పెట్టింది, ఇంటి మిక్స్ విడిగా చేస్తారు. ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కిందికి దాదాపు ఏమీ పలకదు, కాబట్టి ఆ మంద్ర హోరు ఫోన్లో లేనట్టే. దీనికి మిక్సింగ్ ఇంజనీర్లు ఒక ఉపాయం చేస్తారు. లోతైన ధ్వనికి పై స్థాయి రెట్టింపు ధ్వనులని జోడిస్తారు. అసలుది వినబడకపోయినా వాటిని బట్టి మెదడు కింది ధ్వనిని ఊహించుకుంటుంది. ఉపాయం మంచిదే, కానీ కుర్చీ వణకదు, దిక్కు తెలియదు. కనీసం ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి అంటాను నేను.

2024 సెప్టెంబరులో 'తుంబాడ్'ని మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు. మొదటిసారి వచ్చినదానికన్నా ఎక్కువ వసూలైంది. అప్పటికే ఓటీటీలో చూసేసినవాళ్లు కూడా టికెట్టు కొనుక్కుని వెళ్లారు. పంపిణీదారులు దీన్ని పట్టించుకుని 'భూత్'నీ, 'రాత్రి'నీ కూడా మంచి సౌండ్‌తో మళ్లీ తెస్తే బాగుంటుంది. 'రాత్రి'ని ఎక్కువమంది చూసింది టీవీలోనో, యూట్యూబ్‌లోనో.